ఆ తేదీ వెనక ఇంకొకరు

జయంతులు, వర్ధంతులు, వార్షికోత్సవాలు... రాక్ అండ్ రోల్ అభిమానులకు ఏడాది పొడవునా ఏదో ఒక రోజు గుర్తుంచుకోవాల్సిందే. అయితే ఒక్కో తేదీనీ కాస్త తరచి చూస్తే, ఫొటోలో ఉన్న పెద్ద స్టారు వెనకాల మరొకరు నిలబడి కనిపిస్తారు.

ఏటా ఆగస్టు 15 రాత్రి అమెరికాలోని మెంఫిస్ నగరంలో ఓ ఇంటి ముందు జనం బారులు తీరతారు. చేతుల్లో వెలిగించిన కొవ్వొత్తులు. గేటు దగ్గర మొదలైన ఆ వరస మెల్లగా కదులుతూ, లోపల తోటలో ఉన్న సమాధి దాకా వెళుతుంది. కొందరు ఏడుస్తారు. కొందరు సన్నగా పాడుకుంటారు. తెల్లవార్లూ అదే తంతు. ఆ ఇంటి పేరు గ్రేస్‌లాండ్. మర్నాడు ఆగస్టు 16. ఎల్విస్ ప్రెస్లీ 1977లో కన్నుమూసిన రోజు. అప్పటికి ఆయన వయసు 42 ఏళ్లే.

ఇలాంటి తేదీలు పోగేయడం నా ఉద్యోగంలో ఓ భాగం. 'చరిత్రలో ఈ రోజు' తరహా చిన్న బాక్సు ఐటమ్ ఒకటుంటుంది చూడండి... పేజీలో ఓ మూలన, సింగిల్ కాలమ్‌లో. నాలుగు వాక్యాలు, తపాలాబిళ్ల కన్నా కాస్త పెద్ద ఫొటో. అంతకు మించి చోటుండదు. దానికోసం ఓ పాత డైరీలో పేజీకో తేదీ చొప్పున రాసుకుంటూ వచ్చా. సంగీతానికి ఆకుపచ్చ ఇంకు. జర్నలిజం డిప్లొమా చదివేటప్పుడు హాస్టల్లో రూమ్మేట్ అంటించిన పిచ్చి కాబట్టి, ఆ ఆకుపచ్చలో రాక్ అండ్ రోల్ పాలే ఎక్కువ!

అలా రాస్తూ రాస్తూ ఉంటే ఓ సంగతి తెలిసొచ్చింది. ఏ పేజీలోనూ పేరు ఒక్కటే ఉండదు.

మూడు పేర్ల పేజీ

ఆగస్టు 16నే తీసుకోండి. ఎల్విస్ కన్నా పై వరసలో ఇంకో పేరుంది. రాబర్ట్ జాన్సన్. నల్లజాతి బ్లూస్ గాయకుడు. 1938లో సరిగ్గా అదే రోజున మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్ దగ్గర చనిపోయాడు. మెంఫిస్ నుంచి అక్కడికి సుమారు 200 కిలోమీటర్లు. ఊరూరా తిరిగి, వీధి చివరా, సారా కొట్ల దగ్గరా గిటారు వాయించుకుంటూ బతికిన మనిషి. 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డాలస్‌లో మొత్తం 29 పాటలు రికార్డు చేశాడు. అంతే. 27 ఏళ్లకే వెళ్లిపోయాడు.

ఆయన పోయిన సంగతి కూడా లోకానికి ఆలస్యంగానే తెలిసింది. అదే ఏడాది డిసెంబరు 23న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో నల్లజాతి సంగీతంతో పెద్ద కచేరీ ఏర్పాటు చేసిన జాన్ హామండ్, జాన్సన్‌ను రప్పించడానికి వెతికించాడు. మనిషి లేడన్న కబురు వచ్చింది. దాంతో హామండ్ ఓ గ్రామఫోన్ తెప్పించి, జాన్సన్ రికార్డులు రెండు అక్కడే వేదిక మీద వినిపించాడు. గాయకుడు రావలసిన చోట గ్రామఫోను!

మరణ ధ్రువపత్రం దొరకడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. 1968లో ఓ పరిశోధకుడు దాన్ని బయటికి తీస్తే, మరణానికి కారణం రాయాల్సిన చోట 'వైద్యుడు లేడు' అన్న అర్థంలో రెండు మాటలున్నాయి. ఎక్కడ పూడ్చిపెట్టారన్నదీ తేలలేదు. గ్రీన్‌వుడ్ చుట్టుపక్కల మూడు చర్చిల దగ్గర ఆయన పేరుతో మూడు సమాధి ఫలకాలున్నాయి.

అయినా ఆ 29 పాటలు ఊరుకోలేదు. 1961లో లాంగ్‌ప్లే రికార్డుగా వచ్చి ఇంగ్లండ్ కుర్రాళ్ల చేతుల్లో పడ్డాయి. రోలింగ్ స్టోన్స్ పాడారు. ఎరిక్ క్లాప్టన్ క్రీమ్ బృందంతో వాయించాడు. 2004లో ఏకంగా జాన్సన్ పాటలతోనే ఆల్బమ్ చేశాడు. 1986 జనవరి 23న రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ తొలిసారి గౌరవించిన వాళ్లలో ఎల్విస్‌తోపాటు జాన్సన్ పేరూ ఉంది. అప్పటికి ఆయన పోయి 47 ఏళ్లు దాటాయి.

అదే పేజీలో మూడో పేరు 2018లో చేరింది. అరీథా ఫ్రాంక్లిన్. 76 ఏళ్ల వయసులో డెట్రాయిట్‌లో కన్నుమూసింది. 1987లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి అడుగుపెట్టిన తొలి మహిళ ఆమె. విచిత్రం ఏంటంటే అరీథా పుట్టిందీ మెంఫిస్‌లోనే. జాన్సన్ చిన్నతనంలో కొన్నాళ్లు గడిపిందీ అక్కడే!

బాక్సులో పేర్లు మూడూ పడతాయి. ఫొటో మాత్రం ఒక్కరిదే పడుతుంది. ఆ ఒక్కరు ఎవరన్న దాని మీద ఏటా మా డెస్కులో ఓ టీ తాగేంతసేపు వాదన నడుస్తుంది.

పుట్టినరోజు లేని మనుషులు

రాబర్ట్ జాన్సన్ పోయిన రోజు ఖాయం. పుట్టిన రోజే అనుమానం. 1911 మే 8 అని అందరూ రాస్తారు కానీ, దొరికిన కాగితాల్లో ఒక్కోదానిలో ఒక్కో వయసుంది. బ్లూస్‌లో ఇంకో మహానుభావుడు మడ్డీ వాటర్స్. పుట్టింది ఏప్రిల్ 4 అన్నారు సరే, ఏ సంవత్సరం? పాత రికార్డులు 1913 అంటే, సమాధి మీద 1915 అని చెక్కి ఉంది. పత్తి చేలల్లో కూలికి పోయే కుటుంబాల్లో పిల్లాడు పుడితే, పరుగెత్తుకెళ్లి రిజిస్టరులో రాయించేదెవరు?

ఇది చదివినప్పుడు నాకు మా నాయనమ్మే గుర్తొచ్చింది. "ఎప్పుడు పుట్టావు నాయనమ్మా?" అంటే "యుద్ధమప్పుడు. కిరసనాయిలు దొరక్క మా అమ్మ ఆముదం దీపం పెట్టుకుందంట" అనేది. అంతవరకే. మా చిన్నత్త పుట్టింది ఉప్పెన ఏడాది. అంటే 1977. ఎల్విస్ పోయిన సంవత్సరమే. మా ఇంట్లో మాత్రం ఆ ఏడాదికి ఉప్పెన తప్ప ఇంకో గుర్తు లేదు.

నాయనమ్మకు ఆధార్ కార్డు ఇచ్చినప్పుడు పుట్టిన తేదీ జనవరి 1 అని వచ్చింది. మీ ఇళ్లలోనూ పెద్దవాళ్ల కార్డులు తీసి చూడండి... చాలామంది ఆ రోజే పుట్టి ఉంటారు! ఆ తేదీ పట్టుకుని ఓసారి మా పాప కేకు తెప్పించింది. కొవ్వొత్తి ఊదమంటే నాయనమ్మ చుట్టూ చూసి, "ఇవాళ ఎవరిదే పుట్టినరోజు?" అని అడిగింది. అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. కేకు ముక్క తిని, బాగుందని ఇంకో ముక్క పెట్టించుకుంది.

ఆ తర్వాత రెండేళ్లకు పోయింది. పుట్టినరోజు తెలియని నాయనమ్మ పోయిన తిథి మాత్రం ఇప్పుడు ఇంటిల్లిపాదికీ తెలుసు. మాఘ బహుళ ఏకాదశి. జాన్సన్‌కు ధ్రువపత్రం ఎలాగో, మాకు పంచాంగం అలాగ.

మాట మీద మాట... వర్ధంతి సంగతి చూడండి. ఆ పదంలో ఉన్నది వృద్ధి. పక్కనున్న కన్నడంలో వర్ధంతి అంటే పుట్టినరోజే. మన దగ్గరికొచ్చేసరికి పోయినరోజు అయింది. తప్పేముందిలెండి! కొందరు పోయాక కూడా పెరుగుతూనే ఉంటారు. ఘంటసాల గారు వెళ్లిపోయింది 1974 ఫిబ్రవరి 11న. ఆ తేదీ వస్తే చాలు, ఎన్ని ఊళ్లలో ఎన్ని గొంతులు ఆయన పాటలు అందుకుంటాయో మనకు తెలియంది కాదు. 2020 సెప్టెంబరు 25న బాలు గారు పోయారన్న వార్త విన్నప్పుడు ఇల్లిల్లూ ఎలా అయిపోయిందో గుర్తుందిగా? గ్రేస్‌లాండ్ ముందు కొవ్వొత్తి పట్టుకున్న మనిషి మనసు అర్థం కావడానికి అంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు. నా డైరీలో అదే పేజీలో, 1980 దగ్గర లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ పేరుంది. 32 ఏళ్లకే పోయాడు. ఆయన లేకుండా వాయించలేమని ఆ బృందం ఏకంగా దుకాణం కట్టేసింది.

అసలు రాక్ ఎప్పుడు పుట్టింది?

మనుషుల సంగతి అటుంచితే రాక్ అండ్ రోల్ పుట్టినరోజు మీదే బోలెడు తగాదా. 1954 జులై 5 అంటారు ఎక్కువమంది. మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో 19 ఏళ్ల ఎల్విస్ 'దట్స్ ఆల్ రైట్' పాడిన రోజు అది. అలాగైతే ఆ పాటను రాసి, 1946లోనే రికార్డు చేసిన ఆర్థర్ క్రూడప్ మాటేమిటి? ఆయన నల్లజాతి గాయకుడు. పాట వల్ల రావాల్సిన రాయల్టీ సొమ్ము కోసం ఏళ్ల తరబడి పోరాడి, సరిగా అందకుండానే 1974లో చనిపోయాడు.

కాదు, 1951 మార్చి అంటారు ఇంకొందరు. అదే మెంఫిస్ స్టూడియోలో ఐక్ టర్నర్ బృందం 'రాకెట్ 88' రికార్డు చేసింది అప్పుడే. ఆంప్లిఫయర్ దార్లో దెబ్బతింటే ఏవో కాగితాలు కుక్కి పని కానిచ్చారట. దాంతో గిటారు గరగరలాడింది. తర్వాత రోజుల్లో అలాంటి గరగర కోసమే గిటారిస్టులు డబ్బు పోసి పరికరాలు కొన్నారు!

మరి మొట్టమొదటి రాక్ కచేరీ? 1952 మార్చి 21. క్లీవ్‌లాండ్ నగరంలో రేడియో వ్యాఖ్యాత అలన్ ఫ్రీడ్ ముందుండి నడిపించిన 'మూన్‌డాగ్ కారొనేషన్ బాల్'. సుమారు పది వేలమంది పట్టే హాలుకు అంతకన్నా చాలా ఎక్కువ జనం వచ్చిపడ్డారు. తలుపులు విరిగాయి. కాసేపటికే పోలీసులొచ్చి ఆపేయించారు. అంటే తొలి రాక్ కచేరీ పూర్తిగా జరగనే లేదన్నమాట.

ఈ మూడు తేదీల్లో ఏది అసలు పుట్టినరోజు అని మా పాప అడిగితే నేను చెప్పేది ఒక్కటే. నాయనమ్మ పుట్టినరోజు లాంటిదే ఇది కూడా. కార్డు మీద ఏదో ఒక తేదీ వేశారు. అంతకు ఎంతోముందే పుట్టి, పొలాల్లో, చర్చిల్లో పెరుగుతూ వచ్చింది.

నాలుగో మనిషి

ఫిబ్రవరి 3 పేజీకి వద్దాం. 1959. అయోవా రాష్ట్రంలో గడ్డకట్టించే చలి. పాటగాళ్లంతా ఊరూరా కచేరీలు చేస్తూ బస్సులో తిరుగుతున్నారు. బస్సులో హీటరు పనిచేయదు. ఓ డ్రమ్మర్ కాళ్లు మంచుకు దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు కూడా. విసిగిపోయిన బడ్డీ హాలీ, క్లియర్ లేక్‌లో కచేరీ అయ్యాక ఓ చిన్న విమానం మాట్లాడాడు. బస్సులో గడ్డకట్టుకుపోయే బదులు ముందే వెళ్లి కాస్త నిద్రపోవచ్చని.

సీట్లు మూడే. ఫ్లూతో బాధపడుతున్న 'బిగ్ బాపర్' రిచర్డ్‌సన్‌కు వేలన్ జెన్నింగ్స్ తన సీటిచ్చేశాడు. ఇంకో సీటు కోసం రిచీ వాలెన్స్, టామీ ఆల్సప్ బొమ్మా బొరుసూ వేసుకున్నారు. గెలిచింది రిచీ. అర్ధరాత్రి దాటాక లేచిన విమానం నిమిషాల్లోనే పొలంలో కూలిపోయింది. హాలీకి 22 ఏళ్లు. రిచర్డ్‌సన్‌కు 28. రిచీకి... 17! హాలీ భార్యకు భర్త పోయిన కబురు తెలిసింది టీవీ వార్తల్లో. వార్తల పనిలో ఉన్నదాన్ని కాబట్టి, ఆ వాక్యం రాసేటప్పుడల్లా పెన్ను కాస్త ఆగుతుంది.

1971లో డాన్ మెక్‌లీన్ రాసిన 'అమెరికన్ పై' ఆ రోజును పాటగా మార్చి, తర్వాతి తరాలకూ మర్చిపోనివ్వకుండా చేసింది. ఆ పొలంలో 1988లో ఓ అభిమాని స్టీలుతో గిటారు, మూడు రికార్డులు చేయించి పెట్టాడు. ముగ్గురికీ గుర్తుగా మూడు.

కానీ ఆ విమానంలో ఉన్నది నలుగురు. నాలుగో మనిషి పైలట్ రోజర్ పీటర్సన్. వయసు 21. ఆయన పాడలేదు, వాయించలేదు. ఇంట్లో భార్య ఉంది. ఆయన పేరు ఏ పాటలోనూ రాలేదు. సరిగ్గా 50 ఏళ్లకు, 2009లో, మొదటిది చేయించిన అభిమానే పైలట్ కోసం కూడా అక్కడ ఓ స్మారకం నిలిపాడు. ఎవరు చెప్పారో, ఎవరు అడిగారో నాకు తెలియదు. ఆ మనిషికి మాత్రం ఓ నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

27 అంటే భయమా?

మా ఆఫీసులోని కుర్రాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. రాక్ స్టార్లంతా 27వ ఏటే ఎందుకు పోతారని. బ్రయన్ జోన్స్ 1969 జులై 3న. సరిగ్గా రెండేళ్లకు, 1971లో అదే జులై 3న జిమ్ మోరిసన్. మధ్యలో 1970లో జిమీ హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్. 1994లో కర్ట్ కొబేన్. 2011లో ఏమీ వైన్‌హౌస్. అందరికీ 27 ఏళ్లే. వినగానే ఒళ్లు జలదరిస్తుంది. శాపమన్నారు, అంకె దోషమన్నారు.

2011 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఓ అధ్యయనం వచ్చింది. బ్రిటన్‌లో నంబర్ వన్ ఆల్బమ్ ఇచ్చిన 1,046 మంది సంగీతకారుల వివరాలు తీసి చూశారు. 27వ ఏట మరణాలు ప్రత్యేకంగా ఎక్కువేం లేవు. అంకె దోషం లేదన్నమాట. కానీ ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్న పేరున్న సంగీతకారులు చనిపోయే ముప్పు, అదే వయసు మామూలు జనంతో పోలిస్తే రెండు మూడు రెట్లు ఎక్కువని తేలింది. అదీ అసలు కబురు. అంకె చుట్టూ కథలు అల్లుతూ కూర్చుంటే, 26కో 31కో పోయిన పిల్లల్ని ఎవరూ లెక్కపెట్టరు. మందు, మత్తు, నిద్ర లేని ప్రయాణాలు, మనసులో దిగులు... వీటికి వయసు పట్టింపు లేదు.

మొన్న పండక్కి మా బంధువుల కుర్రాడొకడు 27 అంకె అచ్చేసిన టీషర్టు వేసుకొచ్చాడు. వాడికి ఆ జాబితా కంఠతా వచ్చు. రింగో స్టార్ పుట్టినరోజు మాత్రం తెలియదు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో పుట్టింది 1940 జులై 7న. చిన్నప్పుడు జబ్బులతో నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉన్నాడు. అక్కడే డ్రమ్స్ పరిచయం. అలాంటివాడు ఎనభై దాటి కూడా వాయించాడు. 2008 నుంచి తన పుట్టినరోజున మధ్యాహ్నం పన్నెండింటికి అందరూ 'శాంతి, ప్రేమ' అనుకోండని ప్రపంచాన్ని అడగడం మొదలుపెట్టాడు. కానుకగా కోరేది అదొక్కటే. టీషర్టు మీద వేసుకోవడానికి ఇదీ బాగానే ఉంటుందని వాడికి చెప్పా. నవ్వేసి ఊరుకున్నాడు.

సెప్టెంబరు 5 కూడా అలాంటిదే. మనకు ఉపాధ్యాయ దినోత్సవం. క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1946లో పుట్టిన రోజు. అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. జాంజిబార్‌లో పుట్టిన పార్శీ పిల్లాడు. మహారాష్ట్రలోని పంచగనిలో, సెయింట్ పీటర్స్ స్కూల్ హాస్టల్లో ఉండి చదివాడు. తోటి పిల్లలతో కలిసి మొదటి బ్యాండు పెట్టిందీ అక్కడే. 1991 నవంబరు 23న తనకు ఎయిడ్స్ ఉందని ప్రకటించి, మర్నాడే కన్నుమూశాడు. ఫొటోలో చెయ్యెత్తి నిలబడే ఆ మనిషి వెనకాల, అమ్మానాన్నలకు సముద్రాలంత దూరంలో హాస్టల్లో పియానో ముందు కూర్చున్న ఓ స్కూలు పిల్లాడున్నాడు.

అక్టోబరు 9

చివరగా నాకెంతో ఇష్టమైన పేజీ. 1940 అక్టోబరు 9న లివర్‌పూల్‌లో జాన్ లెనన్ పుట్టాడు. ఏటా ఆ రాత్రి ఐస్‌లాండ్‌లో రేక్యవిక్ పక్కనున్న ఓ దీవిలో ఆకాశంలోకి ఓ వెలుగు స్తంభం లేస్తుంది. 2007లో ఆయన భార్య యోకో ఓనో కట్టించిన శాంతి స్మారకం అది. లెనన్‌ను కాల్చి చంపిన డిసెంబరు 8 దాకా ప్రతి రాత్రీ వెలుగుతుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో అభిమానులు పూలు పరుస్తారు, పాడతారు.

అదే అక్టోబరు 9న, 1973లో ఫిలడెల్ఫియాలో ఒకావిడ చనిపోయింది. సిస్టర్ రోసెట్టా థార్ప్. 1915 మార్చి 20న ఆర్కన్సాలోని ఓ పల్లెలో పుట్టింది. తల్లితోపాటు చర్చిల్లో పాడుతూ పెరిగింది. భక్తి పాటను ఎలక్ట్రిక్ గిటారు మీద ఆమె వాయించిన తీరే రాక్ అండ్ రోల్‌కు దారి వేసింది. 1947లో మేకన్ పట్టణంలో ఓ కుర్రాడి గొంతు విని, తన వేదిక మీదకు పిలిచి పాడించింది. ఆ కుర్రాడే తర్వాత లిటిల్ రిచర్డ్ అయ్యాడు. 1951లో ఆమె పెళ్లి ఓ స్టేడియంలో జరిగింది. టిక్కెట్లు కొనుక్కుని వేలమంది వచ్చారు. అంతటి మనిషి ఆఖరి రోజుల్లో చక్కెర వ్యాధితో కాలు పోగొట్టుకుంది. పోయాక ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. అభిమానులు 2008లో కచేరీ పెట్టి డబ్బు పోగుచేస్తే, ఆ తర్వాతే రాయి వచ్చింది. అంటే మూడు దశాబ్దాలు దాటాక. హాల్ ఆఫ్ ఫేమ్ పిలుపు వచ్చింది 2018లో.

ఈ అక్టోబరు 9న లెనన్ పాట ఒకటి వినండి. తప్పకుండా వినండి. తర్వాత ఓ అయిదు నిమిషాలు ఆవిడకూ ఇవ్వండి. 1964 మే 7న మాంచెస్టర్‌లో, మూతపడిన ఓ రైల్వే స్టేషన్లో టీవీ కోసం తీసిన కచేరీ ఇంటర్నెట్లో దొరుకుతుంది. ఓ ప్లాట్‌ఫాం మీద కుర్రకారు కూర్చుని ఉంటారు. పట్టాలకు అవతలి ప్లాట్‌ఫాం వేదిక. కచేరీ నాడు వాన పడింది. రోసెట్టా దాన్ని చూసి, అప్పటికప్పుడు మొదటి పాట మార్చేసి వాన పాట ఎత్తుకుంది. దర్జాగా పొడుగు కోటు వేసుకుని వచ్చి, గిటారు తగిలించుకుని, తీగ మీటుతుంది.

వింటున్నప్పుడు పక్కన పిల్లలుంటే, ఈవిడెవరని అడుగుతారు. పేరు చెప్పండి. ఆ తర్వాత మీ ఇంట్లో పెద్దావిడను, ఆవిడ పుట్టినరోజు ఎప్పుడో కూడా అడగమనండి. తేదీ చెప్పలేకపోయినా ఫర్వాలేదు. వానో, ఉప్పెనో, ఆముదం దీపమో... ఏదో ఒకటి చెబుతుంది. అదే రాసి పెట్టుకోండి.